ఫైళ్లకొక గాదె, పాటలకొక కాలువ

‘స్ట్రీమింగ్’ అన్న మాట వినపడని గది ఇవాళ మన హాస్టల్లో లేదు. రాత్రి తొమ్మిది దాటితే చాలు, ఒక గదిలో క్రికెట్టు, పక్క గదిలో సినిమా, ఆ పై గదిలో ఎవరో మాస్టారి ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠం. అన్నీ ఎక్కడో దూరాన వున్న కంప్యూటర్ల నుంచి పారుకుంటూ వస్తున్నాయి. అయితే ఈ పారుదల కోసం అంత దూరం పోనక్కరలేదనీ, మన పాటలూ ఫొటోలూ కాయితాలూ మన ఇంట్లోనే ఒక మూల పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఇదే పద్ధతిలో అందుకోవచ్చుననీ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లలో కూడా ఎక్కువమంది దాన్ని సినిమాలు చూసే పెట్టెగానే ఎంచుతారు. దాని పని అంతకంటె పెద్దదని నా అభిప్రాయం. దాచడం వేరు, అందించడం వేరు. ఈ రెండు పనులూ ఒక్క చోట చేసే పెట్టె అది. దాని లాభమూ అక్కడే వుంది, దాని ప్రమాదమూ అక్కడే వుంది.

ముందుగా పారుదల సంగతి చూద్దాం. ఒక ఫైలు మనకు రెండు రకాలుగా చేరవచ్చు. ఫైలంతా మన ఫోనులోకి కాపీ అయిపోయాక తీరిగ్గా చూసుకోవడం ఒక రకం. దీన్ని డౌన్‌లోడ్ అంటున్నాం. ఫైలు వున్నచోటే వుండి, మనం చూస్తున్న ముక్క మాత్రం ఎప్పటికప్పుడు మన దగ్గరికి రావడం రెండో రకం. ఇదే స్ట్రీమింగ్. చెరువు నీళ్లన్నీ ఎవరూ పొలంలోకి మోసుకురారు గదా! తూము తీస్తే పైరు తాగినంత వస్తుంది. ఒకే చెరువు కింద పదిమంది సాగు చేసినట్టు, ఒకే ఫైలుని పదిమంది ఒకేసారి, ఎవరి చోటు నుంచి వాళ్లు చూడవచ్చు. చెరువుకీ ఫైలుకీ తేడా ఒక్కటే. ఫైలు ఎంత పారినా తరగదు.

ఎంత పారాలి అన్న లెక్క చాలా సులువు. రెండున్నర గంటల సినిమా, ఫైలు 4 గిగాబైట్లు అనుకుందాం. బైటుకి 8 బిట్లు కాబట్టి మొత్తం 32,000 మెగాబిట్లు. రెండున్నర గంటలంటే 9,000 సెకండ్లు. భాగిస్తే సెకండుకి సుమారు మూడున్నర మెగాబిట్లు. అంతే! ఇంట్లో వేసుకునే పాత రకం నెట్‌వర్కు తీగ కూడా సెకండుకి 100 మెగాబిట్లు మోస్తుంది. ఇప్పటి మామూలు తీగ 1,000 మోస్తుంది. బ్లూ-రే డిస్కు నుంచి ఏమీ తగ్గించకుండా తీసిన 30 గిగాబైట్ల ఫైలైనా సగటున సెకండుకి 27 మెగాబిట్లే. (ఇక్కడొక మాట. సినిమా అంటే మనం డబ్బిచ్చి కొన్న డిస్కులోది అనే నా అర్థం. తక్కినది చట్టానికీ, ఎవరి మనస్సాక్షికి వారికీ వదిలేస్తున్నాను.) ‘నాది వంద స్పీడు, ఫైలు చూస్తే పన్నెండు చొప్పున దిగుతోందేమిట్రా’ అని ఇంటర్నెట్ కంపెనీవాళ్లని తిట్టేవాళ్లు మన కాలేజీలో తక్కువేమీ కాదు. కంపెనీ చెప్పే వంద బిట్లలో, ఫోను చూపే పన్నెండు బైట్లలో. వందని ఎనిమిదితో భాగించి చూసుకుంటే గొడవ తీరుతుంది.

సినిమాలో ఫైటు దాటేసి పాట దగ్గరికి దూకుతాం. అప్పుడేమవుతుంది? ఫైల్లో ఒక విషయసూచిక వుంటుంది. ఫలానా నిమిషం బొమ్మ ఫలానా బైటు దగ్గర వుందని అది చెబుతుంది. మన ఫోను దాన్ని చూసి, ‘ఇన్నో బైటు నుంచి ఇన్నో బైటు దాకా పంపు’ అని అడుగుతుంది. అవతలి కంప్యూటరు ‘ఇదుగో నువ్వడిగిన ముక్క’ అని జవాబిస్తుంది. ఆ జవాబుకి ఒక నంబరు కూడా వుంది, 206. పేజీ దొరకనప్పుడు మనకు కనపడే 404 ఈ కుటుంబంలోదే. స్ట్రీమింగ్ అంటే ఏదో మాయ అనుకుంటాం గాని, చాలా సందర్భాల్లో దాని గుట్టంతా ఇలా ముక్కలు ముక్కలుగా అడగడంలోనే వుంది.

ముక్కలు ఒకే వేగంతో రావు. ఒకసారి గబగబా వస్తాయి, ఒకసారి నత్తనడక. అయినా బొమ్మ ఆగకుండా ఎలా నడుస్తోంది? మా వైపు బోరు దగ్గర సిమెంటు తొట్టి కడతారు. కరెంటు వున్నంతసేపూ మోటారు తొట్టిని నింపుతుంది. కరెంటు పోయినా గొడ్లు తాగుతూనే వుంటాయి. ఫోనులో ఈ తొట్టి పేరు బఫర్. తెరమీద చక్రం గిర్రున తిరుగుతోందంటే తొట్టి అడుగంటిందని అర్థం. మోటారు పోసేదానికన్న గొడ్లు తాగేది ఎక్కువైతే ఎంత పెద్ద తొట్టి కట్టినా ఎప్పుడో అప్పుడు అడుగు కనపడక తప్పదు. ఇంట్లోని సర్వర్‌కి ఈ బాధ తక్కువ. బోరు మన దొడ్లోనే వుంది కనక.

ఇక పెట్టె సంగతి. సర్వర్ అనగానే అద్దాల గదీ, ఏ.సీ.లూ, మిణుకుమనే దీపాలూ మనసులో మెదులుతాయి. అవేమీ అక్కర్లేదు. అడిగినవాడికి అందించేది ఏదైనా సర్వరే. రెండు నుంచి నాలుగు డిస్కులు పట్టే తయారీ పెట్టెలు బజార్లో దొరుకుతాయి. ధర గట్టిగానే వుంటుంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే కంప్యూటరు 2012లో వచ్చింది. 2019లో వచ్చిన దాని నాలుగో రకంతో గిగాబిట్ తీగకి పూర్తి వేగం అందింది. అదీ సరిపోతుంది. ఈ రెండూ కాక మూడోది, అటక మీద పడివున్న పాత డెస్క్‌టాప్. దాన్ని దించి, దుమ్ము దులిపి, రెండు డిస్కులు బిగించి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కిస్తే సర్వర్ తయారు. మా ఇంట్లో వున్నది ఇదే.

కరెంటు ఎంత తాగుతుందని పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. చిన్న పెట్టె ఒక డిస్కుతో కలిపి 15 వాట్లు అనుకుంటే, రోజుకి 24 గంటలు, నెలకి 30 రోజులు, మొత్తం 10.8 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లయితే 43 యూనిట్లు దాటుతుంది. కాబట్టి పాత పెట్టె ఉచితం అనుకోవడం సగం నిజమే. కొన్న డబ్బు మిగులుతుంది, బిల్లులో కొంత పోతుంది. మా నాన్నగారు ఈ లెక్క విన్నాక రాత్రి పదకొండు నుంచి తెల్లారి అయిదు దాకా దాన్ని కట్టేయించే ఏర్పాటు చేయించారు.

పెట్టె తయారయింది సరే, ఫోనుకీ టీవీకీ అందులోని ఫైళ్లు ఎలా కనపడతాయి? దీని వెనక మనలాంటి విద్యార్థి కథ ఒకటి వుంది. ఆస్ట్రేలియాలో కాన్‌బెరా నగరంలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి వుండేవాడు. తన చిన్న కంప్యూటరు నుంచి పెద్ద యూనిక్స్ కంప్యూటరు డిస్కుని సొంత డిస్కులాగా చూడాలనుకున్నాడు. రెండూ వేరువేరు భాషలు మాట్లాడతాయి. తీగ మీద పోయే మాటల్ని పట్టి చూసి, వాటి అర్థం తానే కనిపెట్టి, యూనిక్స్ చేత ఆ భాష మాట్లాడించాడు. 1992 జనవరిలో ఆ ప్రోగ్రామును అందరికీ ఇచ్చేశాడు. ఆ భాష పేరు ఇంగ్లీషులో ఎస్, ఎం, బి అనే మూడక్షరాలు. మొదట పెట్టిన పేరు అప్పటికే వేరేవాళ్లదయిపోవడంతో, ఆ మూడక్షరాలూ వరసగా వచ్చే మాట కోసం కంప్యూటర్లోని పదాల పట్టికను వెతికాడు. ‘సాంబా’ దొరికింది. బ్రెజిల్ నాట్యం పేరు అలా మన ఇంటి పెట్టెలోకి వచ్చింది. ఇవాళ లినక్స్ పెట్టె మీది ఫోల్డరు విండోస్ కంప్యూటర్లో మామూలు డ్రైవులాగా కనపడటం ఈ సాంబా చలవే.

సాంబా ఇచ్చేది ఫైలు. అట్ట బొమ్మా, పాట పేరూ, నిన్న ఎక్కడ ఆపామో ఆ గుర్తూ కావాలంటే దానిమీద మరో ప్రోగ్రాము వుండాలి. దీన్ని మీడియా సర్వర్ అంటారు. ఎంబీ అనే ప్రోగ్రాము 2018లో తన మూలప్రతిని బయటికివ్వడం మానేసింది. అది నచ్చనివాళ్లు అప్పటిదాకా బయట వున్న ప్రతిని తీసుకుని అదే ఏడు డిసెంబరులో జెల్లీఫిన్ మొదలుపెట్టారు. రుసుము లేదు, ఎవరి దగ్గరా ఖాతా తెరవనక్కరలేదు. మా ఇంట్లో నడిచేది అదే. పెట్టెలో పెట్టి, దాని చిరునామా పక్కన 8096 అని కొడితే ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది.

ఇక్కడే చాలామందికి ఒక చిక్కు వస్తుంది. ఫైలు వుంది, నెట్‌వర్కు బావుంది, అయినా టీవీలో బొమ్మ తడబడుతుంది, పెట్టె ఫ్యాను హోరుమంటుంది. కారణం తెలియాలంటే బొమ్మ ఎంత నలిగి ఫైల్లో కూర్చుంటుందో తెలియాలి. ఒక తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలు. ఒక్కో చుక్క రంగుకి 24 బిట్లు. సెకండుకి 25 బొమ్మలు. గుణిస్తే సెకండుకి సుమారు 1,244 మెగాబిట్లు. మనం మొదట లెక్క కట్టిన సినిమాకో, మూడున్నర! అంటే మూడువందల యాభై రెట్లు నలిగిందన్నమాట. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మారిన భాగాన్నే రాసుకోవడం, కన్ను పట్టించుకోని వివరాన్ని వదిలేయడం, ఇలాంటి ఉపాయాలతో ఇది సాధ్యమవుతుంది. ఈ నలిపే పద్ధతుల్లో 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు అన్ని ఫోన్లకీ, టీవీలకీ తెలుసు. 2013లో వచ్చిన హెచ్.265 ఇంకా చిన్నగా నలుపుతుంది గాని, పాత టీవీలు చాలావాటికి అది రాదు. రాని టీవీ అడిగితే మీడియా సర్వర్ ఆ ఫైలుని అప్పటికప్పుడు విప్పి, టీవీకి తెలిసిన పద్ధతిలో మళ్లీ నలిపి పంపాలి. గుమ్మంలోకి వచ్చిన ప్రతి చుట్టానికీ అప్పటికప్పుడు వడ్లు దంచి వండిపెట్టినట్టు. పాత కంప్యూటరుకి ఇది చచ్చేంత చాకిరి. ముందే తీరిగ్గా అన్నీ హెచ్.264లోకి మార్చి పెట్టుకుంటే ఆ బాధ వుండదు. దొంతులు నింపుకున్న ఇల్లాలికి చుట్టాల భయమేమిటి?

వైఫై గురించి రెండు మాటలు చాలు. సర్వర్‌ని రౌటరుకి తీగతోనే కలపాలి. ఫోన్లకి వైఫై చాలు. 5 గిగాహెర్ట్‌జ్ వేగం ఎక్కువ, గోడలు దాటలేదు. 2.4 గోడలు దాటుతుంది, వేగం తక్కువ. మూరెడు మందం మట్టి గోడల పాతకాలపు ఇళ్లలో ఇది పుస్తకం చదవకుండానే తెలుస్తుంది.

డిస్కుల చరిత్ర వేరే వ్యాసానికి సరిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పకుండా వుండలేను. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో రెండేసి అడుగుల వెడల్పు పళ్లేలు 50 వుండేవి. బరువు సుమారు టన్ను. పట్టేది 50 లక్షల అక్షరాలు, అక్షరానికి 6 బిట్లు, అంటే 3 కోట్ల బిట్లు. మనం వినే అయిదు నిమిషాల ఎం.పి.3 పాట, సెకండుకి 128 కిలోబిట్ల రకం, 3 కోట్ల 84 లక్షల బిట్లు. ఆ టన్ను బరువు యంత్రంలో ఒక్క పాట పట్టదు! ఇవాళ చేతిలో ఇమిడే డిస్కులో 2 టెరాబైట్లు. కొనుక్కొచ్చి తగిలిస్తే విండోస్ మాత్రం 1.81 అని చూపుతుంది. కొట్టువాడు మోసం చేయలేదు. వాడు వెయ్యితో కొలుస్తాడు, విండోస్ 1,024తో కొలుస్తుంది. ఊరూరికీ శేరు మారినట్టే ఇదీ.

అయితే అందులో పెట్టేదేమిటి? సినిమాలు ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరకనివి వేరే వున్నాయి. మా నాయనమ్మకి నాట్ల పాటలు చాలా వచ్చు. 2019లో దాళ్వా నాట్లప్పుడు మా బాబాయి గట్టు మీద కూర్చుని 47 నిమిషాలు ఫోనులో పట్టాడు. ఆ ఫోను మరుసటి ఏడు బోదెలో పడింది. 2021లో నాయనమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పాట మిగిలిందంటే, బాబాయి దాన్ని ట్రాక్టర్లో వినడానికని ఒక పెన్ డ్రైవులో ఎక్కించుకోవడం వల్ల. సినిమా పాటల మధ్య, దుమ్ములో, ఎండలో, రెండేళ్లు అదొక్కటే ప్రతి. ఫైలు చూస్తే 45 మెగాబైట్లు. మా 2 టెరాబైట్ల డిస్కులో అలాంటివి నలభైనాలుగు వేలు పడతాయి. చోటు లేక పోయేవి కావు ఇవి. ఎవరి ఫోనులో వున్నది వాళ్ల ఫోనుతోనే పోవడం వల్ల పోతాయి.

ఆ ఫైలుని సర్వర్‌లో పెట్టాక నేను అనుకోనిది ఒకటి జరిగింది. దసరాకి ఇంటికొచ్చినవాళ్లంతా ఎవరి ఫోనులో వాళ్లు విన్నారు. పాటలో నాయనమ్మ అందుకుంటే జవాబు పాడే రెండో గొంతు ఎవరిదో నాన్నకి తెలియదు, బాబాయికి గుర్తు లేదు. మా మేనత్త వంటింట్లో వింటూ ‘అది మన సీతయ్య పెళ్లాం గొంతే’ అంది. ఇంకో పాటలో మాకెవరికీ అర్థం కాని మాట, నారు కట్టకి పాత పేరని తేల్చింది. అవన్నీ ఒక చిన్న కాయితం ఫైలుగా పాట పక్కనే పెట్టాం. పెన్ డ్రైవులో వున్నన్నాళ్లూ ఆ పాట దాగివుంది గాని, పదిమంది చెవుల్లో పడలేదు. అందించడం వేరు అని మొదట్లో అన్నది ఇందుకే.

అందరికీ అందకూడనివీ వుంటాయి. పొలం పాసు పుస్తకం నకళ్లూ, బ్యాంకు కాయితాలూ, అక్క సర్టిఫికెట్లూ వున్న ఫోల్డరు నాన్నకీ అక్కకీ మాత్రమే తెరుచుకుంటుంది. సాంబాలో ఒక్కొక్కరికీ ఒక పేరు, ఒక రహస్య పదం ఇచ్చి ఈ ఏర్పాటు చేయవచ్చు. పిల్లలకి చదివే హక్కే, చెరిపే హక్కు లేదు. ఇది మరవకూడని కట్టుబాటు. ఆరేళ్ల పిల్లవాడి వేలికి అసాధ్యమంటూ ఏదీ లేదు.

ఇక ఇంటి బయట. ‘హాస్టల్లో కూర్చుని మా ఇంటి సర్వర్ చూడొచ్చా?’ అని నన్ను చాలామంది అడిగారు. చూడవచ్చు, కాని దారి అంత తిన్నగా లేదు. ఇంటర్నెట్ పాత చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు. ప్రపంచంలో వున్న పరికరాలకి అవి చాలవు. అందుకని 192.168తో మొదలయ్యేవాటిలాంటి కొన్నింటిని ఎవరింట్లో వాళ్లు వాడుకోమని కేటాయించారు. అవి బయట చెల్లవు. ‘రామాలయం పక్క సందు’ అని ప్రతి వూళ్లోనూ వున్నట్టే! ఇల్లంతటికీ కలిపి బయటికి ఒక చిరునామా వుండాలి. చాలా కంపెనీలు అది కూడా ఇంటికొకటి ఇవ్వలేక అనేక ఇళ్లకు కలిపి ఒకటి ఇస్తున్నాయి. అలాంటిచోట బయటి నుంచి వచ్చేవాడికి మీ గుమ్మం దొరకదు.

దొరికినా గుమ్మం బార్లా తెరిచిపెట్టడం మంచిది కాదు. 2017 మే నెలలో వనక్రై అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయని అప్పటి పత్రికల్లో వచ్చింది. అది దూరిన సందు ఏదనుకున్నారు? మనం పైన చెప్పుకున్న ఎస్.ఎం.బి. భాష పాత రూపాన్ని విండోస్ అమలుచేసిన తీరులోని లోపమే. ఆ లోపానికి మందు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు మునిగారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ పాత రకం ‘మై బుక్ లైవ్’ పెట్టెల్ని నేరుగా ఇంటర్నెట్‌కి తగిలించుకున్నవాళ్లలో చాలామంది పొద్దున్నే లేచి చూసేసరికి డిస్కులు ఖాళీ. ఆ పెట్టెలకి 2015 తర్వాత కొత్త మందు రావడమే ఆగిపోయింది. అందుచేత గుమ్మం తెరవకుండా సొరంగం తవ్వుకోవడం మేలు. వైర్‌గార్డ్ అనే పద్ధతి 2020లో లినక్స్ లోపలికే చేరింది. ఫోనుకీ ఇంటి పెట్టెకీ మధ్య, తాళంచెవి వున్నవాడికి తప్ప కనపడని దారి వేస్తుంది. చిరునామా ఉమ్మడిగా వున్న ఇళ్లకి, మధ్యవర్తిగా నిలిచి రెండు కొసలూ కలిపిపెట్టే టెయిల్‌స్కేల్ వంటి సేవలున్నాయి. మా మేనత్త వూళ్లో వుండి ఇప్పుడు వినేది అలాగే.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం బయటి దొంగ కాదు, లోపలి డిస్కు. దాని చదివే ముల్లు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున ఎగురుతూ వుంటుంది. ఏదో ఒకనాడు అది ఆగిపోతుంది. అన్నీ ఒక్క చోటికి చేర్చుకున్నాం గనక అన్నీ ఒక్కసారే పోతాయి. దీనికి విరుగుడు 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రంలో వివరంగా రాశారు. రెయిడ్ అనే పేరు వారు పెట్టిందే. వాళ్ల పేరులో చౌక డిస్కులు అనే అర్థం వుండేది. అమ్మే కంపెనీలకి చౌక అన్న మాట రుచించలేదేమో, తర్వాత అది ‘స్వతంత్ర’ డిస్కులుగా మారింది.

దాని సూత్రం మన డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లోని ఎక్స్-ఆర్ గేటే. రెండు బిట్లు ఒకటైతే 0, వేరైతే 1. మొదటి డిస్కులో 1011, రెండో డిస్కులో 0010 వున్నాయనుకోండి. మూడో డిస్కులో వాటి ఎక్స్-ఆర్ 1001 రాసిపెడతాం. రెండో డిస్కు పోయింది. మొదటిదాన్ని మూడోదానితో ఎక్స్-ఆర్ చేస్తే 0010. పోయింది తిరిగి వచ్చింది! పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీపట్టిన గేటు ఇంత పని చేస్తుందని తెలిసినరోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రెండే డిస్కులుంటే ఇంకా సులువు. ఒకదానికొకటి అద్దంలా, రెంటిలోనూ అదే రాస్తారు.

కాని అద్దం అద్దమే, నకలు కాదు. ఈ తేడా తెలియకే ఎక్కువమంది పోగొట్టుకుంటున్నారు. ఒక ఫైలు చెరిపితే అద్దంలోనూ ఆ క్షణాన్నే చెరిగిపోతుంది. వనక్రై తాళం వేస్తే రెండు డిస్కుల మీదా పడుతుంది. పిడుగు కరెంటు తీగ మీద పడితే పెట్టె మొత్తం కాలుతుంది. రెయిడ్ ఒక డిస్కు చచ్చినా పని ఆగకుండా చూస్తుంది. గాదె కిందే గాదె కడితే నిప్పు రెంటికీ అంటుకుంటుంది. విత్తనాలు మాత్రం మావాళ్లు ఎప్పుడూ రెండు ఇళ్లలో దాస్తారు. ఫైళ్లకీ అంతే. పెట్టెకి తగిలించి వుండని మూడో డిస్కు ఒకటి, వేరే ఇంట్లో వుండాలి.

దీనికి వాడే మంచి ప్రోగ్రాము ఆర్‌సింక్. 1996లో వచ్చింది. రాసినవాళ్లిద్దరిలో ఒకరు సాంబా రాసిన ఆ ట్రిడ్జెలే, రెండోవారు పాల్ మెకరాస్. రెండు చోట్లా వున్న ఫైళ్లని పోల్చి, మారినవాటినే పంపడం దాని నేర్పు. దూరాన వున్న కంప్యూటరుకి పంపేటప్పుడు ఫైలుని ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ఒక చిన్న గుర్తు లెక్క కట్టి, గుర్తు కలిసిన ముక్కల్ని వదిలి కలవనివాటినే పంపుతుంది. మొదటిసారి మా 600 గిగాబైట్లు సెకండుకి 100 మెగాబైట్ల చొప్పున కాపీ కావడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఎప్పుడూ అంత పట్టలేదు.

మా మూడో డిస్కు హైదరాబాదులో అక్క బీరువాలో, పట్టుచీరల కింద వుంటుంది. సంక్రాంతికీ, దసరాకీ సంచిలో ఇంటికొస్తుంది. కాపీ అయ్యాక వూరికే ‘అయింది’ అన్న మాట నమ్మకుండా, కళ్లు మూసుకుని వేలు పెట్టినట్టు ఏవో నాలుగు ఫైళ్లు తెరిచి చూస్తాం. పోయిన సంక్రాంతికి తెరిచినవాటిలో ఒకటి 2008 నాటి చెరుకు తోట ఫొటో, ఒకటి బీమా కాయితం, రెండు పాటలు. నాలుగూ తెరుచుకున్నాయి. కాపీకి పట్టింది పదకొండు నిమిషాలు. భోగి మంట ఆరకముందే డిస్కు మళ్లీ అక్క పెట్టెలోకి వెళ్లిపోయింది.